హైడ్రోజన్ చదువుల్లో మన బల్ల ఎక్కడ వేస్తారు?

ఈ మధ్య పేపరు తెరిస్తే హైడ్రోజన్ మాటే. ఫలానా యూనివర్సిటీ ఫలానా కంపెనీతో చేయి కలిపిందట, శిక్షణకి ఒప్పందం రాసుకుందట, రేపటి ఫ్యాక్టరీలకి కావలసిన కుర్రాళ్లని తయారు చేస్తుందట. ఫొటోలో ఒక వైస్ చాన్సలరు, ఒక కంపెనీ డైరెక్టరు, మధ్యన ఒక ఫైలు. ఆ ఫొటోలో మనవాడు ఎక్కడైనా ఉన్నాడా అని వెతుక్కోవడం మనకి పాత అలవాటు. ఉండడు. ఉంటే టీ కప్పులు అందించే చోట ఉంటాడు, అది ఫొటోలో పడదు.

జి.మాడుగుల సంతలో మిరియాలూ పసుపూ అమ్ముకునేవాళ్లకి ఈ గొడవెందుకు, దళిత పత్రికకి ఈ కొండల సంగతి ఎందుకు అని కొందరు అడగొచ్చు. అడగనీండి. ఈ హైడ్రోజన్ ఫ్యాక్టరీ పెడుతున్నది మన కొండ దిగితే వచ్చే సముద్రం ఒడ్డున. దానికి కావలసిన కరెంటు కథ మన కొండల మీదికి వచ్చేసింది. అందులో ఎవడు ఆపరేటరు, ఎవడు హెల్పరు అన్నది ఫ్యాక్టరీ గేటు దగ్గర తేలదు. ఈ రోజు, ఈ శిక్షణ ఒప్పందాల దగ్గరే తేలిపోతుంది. గేటు తెరిచాక ధర్నాకి కూర్చుంటే వచ్చేది స్వీపింగు కాంట్రాక్టే.

ముందు సరుకేమిటో చూద్దాం. హైడ్రోజన్ నీళ్లలో ఉండే వాయువు. నీళ్లలోకి కరెంటు పంపితే నీరు రెండుగా విడిపోతుంది. ఒక పక్క హైడ్రోజన్, ఒక పక్క ఆక్సిజన్. ఆ విడదీసే యంత్రాన్ని ఎలక్ట్రోలైజర్ అంటారు. కరెంటు బొగ్గుది కాక ఎండదో గాలిదో అయితే దానికి గ్రీన్ హైడ్రోజన్ అని పేరు పెట్టారు. ఎరువుల ఫ్యాక్టరీలకి, నూనె శుద్ధి కర్మాగారాలకి, రేపు ఉక్కు తయారీకి ఇది కావాలి. అమ్మోనియాగా మార్చి ఓడలకెక్కించి బయటి దేశాలకి అమ్ముకోవచ్చు. కిలో హైడ్రోజన్ తీయాలంటే యాభై యూనిట్ల కరెంటు, తక్కువలో తక్కువ తొమ్మిది లీటర్ల శుద్ధమైన నీరు ఖర్చవుతాయి. రెండు లైట్లూ ఒక ఫ్యానూ ఉన్న మన ఇంట్లో యాభై యూనిట్లు నెల రోజులు వస్తాయి.

2025 జనవరి 8న ప్రధాని మోదీ విశాఖ వచ్చి, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలం పూడిమడక దగ్గర ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ వాళ్ల హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. పెట్టుబడి 1,85,000 కోట్ల రూపాయలన్నారు. రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్ తీస్తారట. అమ్మోనియా, మిథనాల్ లాంటివి రోజుకి 7,500 టన్నులట. పై లెక్కన చూసుకోండి, ఆ 1,500 టన్నులకే రోజుకి ఏడున్నర కోట్ల యూనిట్ల కరెంటు కావాలి. అటు కాకినాడలో ఏఎం గ్రీన్ కంపెనీ ఏడాదికి పది లక్షల టన్నుల అమ్మోనియా ఫ్యాక్టరీకి దిగింది. రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో తెచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీలో 10 లక్షల కోట్ల పెట్టుబడి, ఏడు లక్షల పైన ఉద్యోగాలు అని రాసుకుంది. కేంద్రం 2023 జనవరిలో ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి ఆరు లక్షల ఉద్యోగాలంది.

ఉద్యోగాలు ఇన్ని లక్షలైతే వాటికి చదువు చెప్పడానికి ఎంత పెట్టారో చూడాలి కదా. మిషన్‌కి కేటాయించింది 19,744 కోట్లు. అందులో 17,490 కోట్లు కంపెనీలకి ప్రోత్సాహకాలు. 2024 మార్చిలో శిక్షణ కోసం కేంద్రం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 2029-30 దాకా కలిపి పెట్టిన సొమ్ము 35 కోట్లు. వంద రూపాయల నోటు చిల్లర మార్చితే కంపెనీకి 88 రూపాయల పైన, పని నేర్చుకోవలసిన పిల్లాడికి 18 పైసలు. ఆ పద్దెనిమిది పైసల్లో మన వాటా ఎంతని అడగడానికి కూడా సిగ్గేస్తుంది. అయినా అడగాలి.

ప్రభుత్వం పైసలు పెట్టని చోట ప్రైవేటువాడు దూరతాడు. 2025 జులైలో గ్రీన్ హైడ్రోజన్ మీద రాష్ట్ర స్థాయి సదస్సు జరిగింది. ఎక్కడ? అమరావతిలో ఎస్ఆర్ఎం అనే ప్రైవేటు యూనివర్సిటీలో. రెండు రోజులు కూర్చుని మాట్లాడుకున్నారు. తరవాత 'అమరావతి డిక్లరేషన్' అని ఒకటి బయటికొచ్చింది. మన రాష్ట్రాన్ని హైడ్రోజన్ లోయ చేస్తారట. విద్యాసంస్థలూ పరిశ్రమలూ కలవాలన్నారు. కలవొద్దని మేమనడం లేదు. కలిసేది ఎవరూ ఎవరూ అన్నదే మా పేచీ. లక్షల ఫీజు కట్టగలిగినవాడి కాలేజీ, కోట్ల రాయితీ తీసుకునేవాడి కంపెనీ కలిస్తే అది వాళ్లింటి పెళ్లి. మనం విస్తళ్లు ఎత్తాలి.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి మన కార్యకర్తలు గట్టిగా పట్టుకోవాలి. ప్రభుత్వ కాలేజీలో, కేంద్ర సంస్థలో సీటుకి రిజర్వేషన్ ఉంది. విశాఖలో 2016లో మొదలైన భారత పెట్రోలియం, ఇంధన సంస్థ ఉంది, అది కేంద్ర సంస్థ. అక్కడ మన 15 శాతం, ఆదివాసీల ఏడున్నర శాతం అడిగే హక్కు ఉంది. కానీ కంపెనీ ఒక ప్రైవేటు కాలేజీతో కలిసి నడిపే మూడు నెలల కోర్సు ఉందనుకోండి, అక్కడ ఏ శాతమూ లేదు. ప్రైవేటు విద్యాసంస్థల్లో కూడా రిజర్వేషన్ పెట్టుకోవచ్చని రాజ్యాంగం 93వ సవరణ 2006లోనే వీలిచ్చింది. పెట్టుకోవచ్చు అంది గానీ పెట్టి తీరాలి అనలేదు. ఆ సందులోంచే బండ్లు తోలుకుపోతున్నారు. ఎన్టీపీసీ ప్రభుత్వ రంగ సంస్థ గనక దాని సొంత ఉద్యోగాల్లో రోస్టరు ఉంటుంది. కానీ గేటు లోపల సగం పనులు కాంట్రాక్టర్ల చేతిలో ఉంటాయి. కాంట్రాక్టరు దగ్గర రోస్టరు పుస్తకం ఉండదు, తన కులం వాళ్ల ఫోన్ నంబర్లుంటాయి.

బాబాసాహెబ్ ఈ సంగతి ఎనభై ఏళ్ల కిందటే పట్టుకున్నాడు. 1942 జులైలో ఆయన వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరయ్యాడు. ఆ ఏడాది అక్టోబరులోనే మన జాతుల ఇక్కట్ల మీద వైస్రాయికి ఒక పెద్ద వినతిపత్రం ఇచ్చాడు. అందులో ఓట్లూ సీట్లూ ఒక్కటే కాదు, సైన్సు, టెక్నాలజీ చదువులకి మన పిల్లలకి డబ్బివ్వాలని, ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిసులుగా తీసుకోవాలని అడిగాడు. గుమస్తా ఉద్యోగం ఒకటి వస్తే చాలనుకునే రోజుల్లో ఆయన వర్క్‌షాపు తలుపు తట్టాడు. యంత్రం కొత్తగా వచ్చే చోట మనవాడు మొదటి రోజునే నిలబడాలి, అక్కడ తాతల నాటి హక్కుదారు ఎవడూ ఉండడు. విద్యుత్తు, నదీలోయ పథకాలు కూడా అప్పట్లో ఆయన చేతికిందివే. అంబేద్కర్ అంటే విగ్రహం, చేతిలో పుస్తకం అని మాత్రమే తెలిసిన మన కుర్రాళ్లకి ఈ ముక్క కూడా చెప్పండి.

ఇప్పుడు జి.మాడుగుల నుంచి ఈ హైడ్రోజన్ బల్ల దాకా దారి ఎలా ఉందో చూడండి. హైడ్రోజన్ ఉద్యోగం అనగానే ఏదో ఆకాశంలోంచి ఊడిపడ్డ విద్య అనుకుంటాం. కాదు. ఫ్యాక్టరీ లోపల కావలసింది పైపులు అతికే వెల్డరు, ఫిట్టరు, ఎలక్ట్రీషియను, మీటర్లూ గేజీలూ చూసే ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్కు, భద్రత చూసేవాడు. అన్నీ ఐటీఐ, పాలిటెక్నిక్ చదువులే. వాటి మీద కొన్ని వారాలో నెలలో హైడ్రోజన్ పాఠం అదనంగా చెబుతారు. సన్నటి స్టీలు పైపుని గాలి చుక్క కూడా కారకుండా అతకడం, లీకు కనిపెట్టడం, అధిక ఒత్తిడి ట్యాంకుల దగ్గర ఎలా మసలాలో నేర్పడం, అంతే. అంటే మనకి అడ్డుగోడ హైడ్రోజన్ దగ్గర లేదు. పదో తరగతి లెక్కలూ సైన్సూ దగ్గర ఉంది, ఐటీఐ గుమ్మం దగ్గర ఉంది.

ఆ గోడ ఎందుకింత ఎత్తుంది? కొండమీది పిల్ల ఇంట్లో కువియో ఆదివాసీ ఒడియానో మాట్లాడుతుంది, బడిలో తెలుగు, కోర్సు పుస్తకం ఇంగ్లీషు. మధ్యలో చెయ్యి పట్టుకుని దాటించే టీచరు కావాలి. ఏజెన్సీలో టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో జీవో 3 తెచ్చారు. పిల్ల భాష తెలిసిన టీచరు ఆ ఊళ్లోనే ఉంటాడని. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దేశమంతా కరోనాకి తలుపులేసుకుని ఉన్న రోజుల్లో మనకి ఆ తలుపు కూడా పడింది. అప్పటి నుంచి ఏజెన్సీలో అరుస్తూనే ఉన్నారు, బందులు చేస్తూనే ఉన్నారు. సైన్సు టీచరు లేని బడిలోంచి హైడ్రోజన్ ఆపరేటరు ఎలా వస్తాడు? ఈ రెండు సంగతులూ వేరువేరు పేజీల్లో అచ్చు వేసేవాళ్లకి కనపడదేమో గానీ, ఇవి రెండూ ఒకే సంగతి.

ఇంకో మాయ ఉంది. శిక్షణ అని చెప్పి ఊరికొచ్చి ఆధార్ కార్డులు జిరాక్సులు తీసుకుపోయేవాళ్లని మనం చూస్తూనే ఉన్నాం. మూడు నెలలు మైదానంలో హాస్టల్లో పెడతారు. రెండు పూటలా సాంబారు, చివర్లో ఒక సర్టిఫికెట్, ఒక టోపీ. తేలేది బట్టల షాపులోనో సెక్యూరిటీ గార్డు డ్యూటీలోనో. ఇచ్చే జీతం గది అద్దెకి చాలక ఆర్నెల్లకి కుర్రోడు తిరిగి కొండెక్కుతాడు. కాగితం మీద మాత్రం 'శిక్షణ పొందినవారు ఇందరు, ఉద్యోగం పొందినవారు ఇందరు' అని లెక్క సరిపోతుంది. హైడ్రోజన్ పేరు పెట్టి ఇదే టోపీ మళ్లీ పెడతారేమో చూసుకోవాలి.

'నైపుణ్యం లేనివారు' అన్న మాట మీద కూడా ఒక ముక్క అనాలి. సున్నం, తంగేడు చెక్క, నీళ్ల పాళ్లు కుదిర్చి పచ్చి తోలును పదును చేసిన మాదిగ తాతకి ఏ కాలేజీవాడూ రసాయన శాస్త్రం సర్టిఫికెట్ ఇవ్వలేదు. గెడ్డ నీటిని రాళ్లతో మళ్లించి కొండవాలు మడులకి పెట్టుకున్న ఆదివాసీని ఎవడూ ఇంజినీరనలేదు. చేతులతో చేసే పని మనదైతే అది కూలి. అదే పనికి యంత్రం వచ్చి, ఇంగ్లీషు పేరొచ్చి, జీతం పెరిగితే అది నైపుణ్యం, అప్పుడది వాళ్లది అవుతుంది. ఈ దేశంలో 'స్కిల్' అన్న మాటకి కులం ఉంది.

ఇక కొండల సంగతి. ఎండ కరెంటు పగలే వస్తుంది, గాలి తనకి తోచినప్పుడు వీస్తుంది. హైడ్రోజన్ ఫ్యాక్టరీలాంటివి రాత్రి కూడా నడవాలి. అందుకని పంప్డ్ స్టోరేజి అని ఒకటి తెచ్చారు. కొండమీద ఒక చెరువు, కింద ఒక చెరువు. పగలు మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడతారు, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. దానికి కొండ కావాలి, లోయ కావాలి, నీళ్లు కావాలి. అంటే మన అల్లూరి జిల్లా కావాలి. అనంతగిరి వైపు పెదకోట అదానీకి, గుజ్జిలి, చిట్టంవలస నవయుగకి, చింతపల్లి, కొయ్యూరు వైపు ఎర్రవరం ఇంకొకరికి అని రాసేసుకున్నారు. అక్కడి ఆదివాసీలు వద్దని రోడ్డెక్కారు. ఈ ప్రాజెక్టుల కరెంటు ప్రతి చుక్కా పూడిమడకకే పోతుందని నేననడం లేదు. ఇరవై నాలుగు గంటలూ పచ్చ కరెంటు కావాలన్న లెక్కలోంచే రెండూ పుట్టాయి అంటున్నాను.

ఇలాంటి చోటే 'మీ పిల్లలకి శిక్షణ ఇస్తాం, ఉద్యోగాలిస్తాం' అన్న మాట ఊళ్లోకి వస్తుంది. జాగ్రత్తగా వినండి. శిక్షణ మన హక్కు. కొండకి అది ధర కాదు. సర్టిఫికెట్ ఇచ్చి గ్రామసభ సంతకం పుచ్చుకుందామని వచ్చేవాడితో ఈ రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టనివ్వొద్దు. 1996 పీసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకి మాట ఇచ్చాయి. 1/70 ఉంది. అనంతగిరి మండలంలో మొదలైన కేసే 1997 జులై 11న సమతా తీర్పై దేశానికి దారి చూపింది. ప్రైవేటు కంపెనీ కూడా ఆదివాసీ కానివాడి కిందే లెక్క, ఏజెన్సీలో సర్కారు భూమిని వాడికి లీజుకివ్వడానికి లేదని కోర్టు చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. గనుల లాభంలో కనీసం ఇరవై శాతం తీసి బళ్లకి, ఆసుపత్రులకి, నీళ్లకి, రోడ్లకి నిధిగా పెట్టాలని. బడి ఖర్చు లాభంలోంచి రావాలన్న న్యాయం అప్పుడే రాసి ఉంది. కంపెనీవాడు దయతలచి ఇచ్చే శిక్షణ అంటూ ఏదీ లేదు.

మోసపోయిన లెక్క మనకి చాలానే ఉంది. మాచ్‌ఖండ్ 1955లో తిరిగింది. జలాపుట్ నీళ్ల కింద ఊళ్లు పోయినవాళ్లు మట్టి తట్టలు మోశారు. స్విచ్ బోర్డు దగ్గర కూర్చున్నవాళ్లు మైదానం నుంచి వచ్చారు. తీగలు మన తల మీదుగా పోయాయి, గుడిసెలో దీపం రావడానికి తరాలు పట్టింది. విశాఖ ఉక్కుకి భూములిచ్చిన నిర్వాసితుల్లో ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం రాకుండానే ముసలివాళ్లయిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఈ కథ మనదొక్కటే కూడా కాదు. ఆఫ్రికాలో నమీబియా అని ఒక దేశం. ఒకప్పుడు జర్మనీవాళ్లు అక్కడి నామా ప్రజల్ని నిర్బంధ శిబిరాల్లో పెట్టి చంపారు. ఇప్పుడు అదే తీరంలో, నామాల పాత భూముల మీద, అదే జర్మనీ ఆసరాతో హైడ్రోజన్ ప్రాజెక్టు ఎత్తుకున్నారు. చదువుకునేవాళ్లకి స్కాలర్‌షిప్పులు కూడా ఇచ్చారు. నామా పెద్దలు అడిగింది ఒకటే, ముందు మమ్మల్ని అడిగారా అని.

శిక్షణ ఎందుకు కావాలో చెప్పడానికి నాకు ఉద్యోగం కంటే పెద్ద కారణం ఒకటుంది. ప్రాణం. అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న ఎసెన్షియా ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది చచ్చిపోయారు. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ గ్యాసుకి 12 మంది పోయారు, నిద్రలోంచి లేచి పరిగెత్తి రోడ్డు మీద పడిపోయారు. ఈ సెజ్‌కి ఆనుకునే పూడిమడక. హైడ్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు. అంటుకుంటే పట్టపగలు మంట కూడా సరిగా కనపడదు. గాలిలో వందకి నాలుగు పాళ్లు కలిసినా చాలు, నిప్పురవ్వకి అందుకుంటుంది. అమ్మోనియాకి వాసన ఉంది గానీ లీకైతే కళ్లూ ఊపిరితిత్తులూ కాల్చేస్తుంది. ఇలాంటి చోటికి నిచ్చెన మోయడానికి, ట్యాంకు కడగడానికి, పెయింటు వేయడానికి పోయేది మాల, మాదిగ వాడల కుర్రాళ్లు, మత్స్యకారుల పిల్లలు, కొండ దిగొచ్చిన ఆదివాసీలు. ఆపరేటరుకి ఆర్నెల్ల శిక్షణ, హెల్పరుకి అరగంట లెక్చరు అంటే ముందు చచ్చేదెవరో ముందే రాసిపెట్టినట్టే. కాబట్టి భద్రతా శిక్షణ గేటు లోపల అడుగుపెట్టే ప్రతి కాంట్రాక్టు కూలీకీ, తెలుగులో, జీతంతో కూడిన పనిదినాల్లో ఇవ్వాలి. ఇది అన్నిటికంటే ముందు అడగవలసింది.

ఉద్యోగాల మీద మరీ ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు వేలమంది కావాలి. కట్టాక నడపడానికి కొద్దిమందే చాలు, మిగతాది యంత్రాలే చూసుకుంటాయి. లక్షల ఉద్యోగాలంటే అందులో ఎన్ని కట్టుబడి కూలీలు, ఎన్ని నెలజీతాలు అని విడదీసి అడగాలి. ఆ కొద్దిమందిలో మన వాటా కోసమే ఇప్పుడు తొందర.

అడగడానికి చోట్లు మన దగ్గరే ఉన్నాయి. పాడేరులో ప్రభుత్వ మోడల్ రెసిడెన్షియల్ పాలిటెక్నిక్ ఉంది. అరకులో ప్రభుత్వ ఐటీఐ ఉంది. ఐటీడీఏ యువజన శిక్షణ కేంద్రం ఉంది. అమరావతి కాలేజీతో కలవగలిగిన కంపెనీ పాడేరు పాలిటెక్నిక్‌తో కలవలేదా? ఘాటు రోడ్డు మీద అదానీ సర్వే జీపు ఎక్కగా లేనిది, ఒక చిన్న ఎలక్ట్రోలైజర్ బల్ల, నాలుగు వెల్డింగు సెట్లు ఎక్కవా? రాష్ట్రం 2019లో చేసిన స్థానిక ఉద్యోగాల చట్టంలో ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకన్నారు. తగినవాళ్లు దొరక్కపోతే మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలని రాశారు. 'మీకు అర్హత లేదు' అని మనకి చెప్పే ముందు, అర్హత వచ్చేలా ఏం చేశారో చెప్పమనండి.

కనుక జి.మాడుగుల, పెదబయలు, చింతపల్లి, ముంచంగిపుట్టు పంచాయతీల్లో రాబోయే గ్రామసభలో ఒక తీర్మానం రాయండి. అచ్యుతాపురం, పరవాడ వైపు మాల, మాదిగ వాడల సంఘాలు కూడా అదే రాయాలి, కొండా మైదానం వేరుగా పోతే ఇద్దరినీ విడివిడిగా కొనేస్తారు. తీర్మానంలో ఏముండాలంటే: ప్రభుత్వ సొమ్ము ఒక్క రూపాయి కలిసిన ఏ హైడ్రోజన్ శిక్షణలోనైనా ఎస్సీ, ఎస్టీ సీట్లు లెక్క కట్టి పేర్లతో సహా బోర్డు మీద అంటించాలి. అందులో సగం ఆడపిల్లలకి. పాడేరు, అరకుల్లో కోర్సు పెట్టాలి, పాఠం తెలుగులో చెప్పాలి, నేర్చుకున్నన్నాళ్లూ హాస్టలూ స్టైపెండూ ఇవ్వాలి. శిక్షణకి ముందే ఏ ఉద్యోగం, ఎంత జీతం, కంపెనీ రోల్లోనా కాంట్రాక్టరు దగ్గరా అన్నది కాగితం మీద రాసివ్వాలి. కాంట్రాక్టు పనులకీ రోస్టరు పెట్టాలి. జీవో 3కి బదులు చట్టం తేవాలి. పంప్డ్ స్టోరేజికి అనుమతి సంగతి ఈ తీర్మానంలోకి రానివ్వకండి, దానికి వేరే సభ, వేరే పుస్తకం.

సర్పంచి సంతకం, సెక్రటరీ ముద్ర పడ్డాక రెండు నకళ్లు తీయండి. ఒకటి పాడేరు ఐటీడీఏ పీవో ఆఫీసులో ఇచ్చి ఇన్‌వార్డు నంబరుతో రశీదు తీసుకోండి. రెండోది పూడిమడక ప్రాజెక్టు ఆఫీసుకి స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టు చీటీ పారేయకండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అవే ప్రశ్నలు పది రూపాయల ఫీజుతో మళ్లీ వేయండి. వచ్చిన జవాబు, రాని జవాబు రెండూ పత్రికకి పంపితే వచ్చే సంచికల్లో ఊరి పేరుతో అచ్చు వేద్దాం.